డ్రాగన్, యూనికార్న్, శరభం: మాయాజీవిని కథలోకి తెచ్చుకునే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. తెలుగులో ఒక ఫాంటసీ నవల మొదలుపెట్టారు. అందులో డ్రాగన్, యూనికార్న్, గ్రిఫిన్, ఫీనిక్స్ ఉన్నాయి. చదివిన మిత్రుడొకరు "ఇవన్నీ పరాయి జంతువులు, తీసేసి మన యాళినీ శరభాన్నీ గండభేరుండాన్నీ పెట్టు" అన్నారు. అలా మార్చాలా, అసలు ఈ జీవుల వెనుక ఉన్న కథలేమిటి, వాటిని ఎంతవరకు పట్టించుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. మార్చనక్కర్లేదు. ఏ దేశపు జీవినైనా మీరు వాడుకోవచ్చు. కానీ ఆకారం ఒక్కటే తెచ్చుకుంటే అది బొమ్మగానే మిగులుతుంది. దాని కట్టును కూడా తెచ్చుకోవాలి. డ్రాగన్ ఉన్నచోట యాళి అని పేరు మార్చినా, కట్టు తెలియకపోతే ఫలితం అంతే.

"కట్టు" అన్న మాటను మన పల్లెల్లో వాడే అర్థంలోనే వాడుతున్నాను. ఊరికి కట్టు వేశారు, పొలిమేర చుట్టూ పొలి చల్లారు, ఇక ఏ పీడా ఈ గీత దాటి రాదు అంటారు. ఎంత పెద్ద శక్తికైనా దాటరాని గీత ఒకటి ఉంటుందన్న నమ్మకం అది. ఆ జీవి దేన్ని కాపాడుతుంది, దేనికి లొంగుతుంది, ఏ తప్పు చేస్తే మీద పడుతుంది, ఏ మాట ఇస్తే వదిలిపెడుతుంది, ఇవన్నీ కలిస్తే దాని కట్టు. జానపద జీవుల రెక్కలూ కోరలూ కొమ్ములూ శతాబ్దాల పొడవునా మారుతూ వచ్చాయి. కట్టు అంత తేలికగా మారలేదు.

ఇరవై ఏడేళ్లుగా జానపద కథలు సేకరిస్తున్నాను. పన్నెండేళ్లుగా కొత్త రచయితల వ్రాతప్రతులు చదివి సలహాలు ఇస్తున్నాను. మీ ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

డ్రాగన్ సంగతి

డ్రాగన్ అనగానే రెక్కలూ నిప్పూ గుర్తొస్తాయి. పాత కథల్లో అది చేసే పని వేరే: నిధికి కాపలా. పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్‌లో డ్రాగన్ 300 ఏళ్లపాటు ఒక సమాధి దిబ్బలోని బంగారం మీద పడుకుని ఉంటుంది. ఎవరి జోలికీ రాదు. ఒక దిక్కులేని బానిస ఆ దిబ్బలోకి దూరి ఒకే ఒక్క పాత్ర ఎత్తుకుపోతాడు. ఆ ఒక్క పాత్ర కోసం డ్రాగన్ రాత్రికి రాత్రి ఊళ్లన్నీ తగలబెడుతుంది. దాని కట్టు అదీ. కుప్పలో ఎంత ఉన్నా, ఒక్కటి తగ్గితే తెలుసుకుంటుంది.

ఐస్‌లాండ్‌లో 13వ శతాబ్దంలో రాసిన వోల్సుంగ గాథలో ఫాఫ్నిర్ ఉన్నాడు. ఇతడు పుట్టుకతో డ్రాగన్ కాడు. బంగారం కోసం కన్నతండ్రిని చంపి, తమ్ముడికి చిల్లిగవ్వ ఇవ్వకుండా, ఆ బంగారం మీద పడుకుని పడుకుని పాముగా మారిపోయాడు. అతడికి రెక్కలు లేవు, నిప్పు లేదు. నేలమీద పాకుతూ విషం కక్కుతాడు.

ఇది చదివినప్పుడు మీకు ఏమీ గుర్తు రాలేదా? పిసినారి చచ్చి పామై పుట్టి, తాను పాతిపెట్టిన ధనానికి కాపలా కాస్తాడని మన అమ్మమ్మలు చెప్పలేదా? లంకెబిందెల మీద పాము ఉంటుందని వినని తెలుగువాళ్లు తక్కువ. ఎక్కడో మంచు దీవిలో చెప్పుకున్న కథకూ, పల్నాడు అరుగుల మీద చెప్పుకున్న కథకూ కట్టు ఒకటే. కూడబెట్టి ఎవరికీ పెట్టనివాడు మనిషిగా మిగలడు.

పల్నాడులో ఒక పెద్దావిడ నాకు లంకెబిందెల గురించి చెప్పిన తీరు ఇప్పటికీ చెవిలో ఉంది. బిందెలు ఒకదానికొకటి గొలుసుతో లంకె వేసి ఉంటాయట. ఒకచోట నిలవవట, నేల అడుగున కదులుతూనే ఉంటాయట. అర్ధరాత్రి ఇల్లంతా సద్దుమణిగాక గోడ వారగా గలగలమని చప్పుడు వినిపిస్తుందట. ఎవరి రాతలో ఉంటే వాళ్ల కలలోకి వచ్చి "వస్తాను, ఏమిస్తావు?" అని అడుగుతాయట. వాళ్ల అత్తగారి తల్లికి అలా కల వచ్చిందని చెబుతూ ఆవిడ చేస్తున్న పని ఆపింది. చేటలో కందిపప్పు ఉంది, రాళ్లు ఏరుతోంది. "ఏమిస్తావని అడిగింది కదా, ఆ ఇంట్లో అప్పటికి ఉన్నది ఒక్క బిడ్డ. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు తల్లీ, నువ్వు అక్కడే ఉండు అని చెప్పిందట" అని మళ్లీ పప్పు ఏరుకోవడం మొదలుపెట్టింది. ఆ కథలో పాము కనిపించదు, మంట కనిపించదు. ఒక ప్రశ్న, ఒక జవాబు. ఇంత భయం పుట్టించే డ్రాగన్ వర్ణన నేను ఏ వ్రాతప్రతిలోనూ చదవలేదు.

మాట పుట్టుక కూడా ఇటే చూపిస్తుంది. డ్రాగన్ అన్నది గ్రీకు "డ్రాకోన్" నుంచి వచ్చింది. దాన్ని "తీక్షణంగా చూడడం" అనే అర్థమున్న గ్రీకు క్రియతో ముడిపెడతారు. ఆ క్రియకూ మన సంస్కృత "దృశ్" ధాతువుకూ మూలం ఒకటే. అంటే డ్రాగన్ రెప్ప వేయకుండా చూసేది, కావలి కాసేది. సంస్కృతంలో పాముకు "దృగ్విషం" అన్న పేరుంది, చూపులోనే విషం ఉన్నదని. "చక్షుశ్శ్రవం" అన్న పేరూ ఉంది, కళ్లతోనే వింటుందని. ఐరోపావాళ్ల కథల్లో బాసిలిస్క్ అనే పాము చూపుతోనే చంపుతుంది. మీ నవలలో డ్రాగన్ నోరు తెరిచే ముందు కళ్లు తెరవనివ్వండి. సగం పని అక్కడే అయిపోతుంది.

చైనా డ్రాగన్ దారి వేరు. అది నదులకూ వానకూ అధిపతి, శుభం తెచ్చేది. బౌద్ధ గ్రంథాలను చైనా భాషలోకి మార్చినవారు "నాగ" అన్న మాటకు తమ డ్రాగన్ పేరైన "లుంగ్"నే వాడారు, అంత దగ్గరగా కనిపించాయి ఆ రెండూ. మీరు డ్రాగన్‌ను చెరువులో పెట్టి వానలు కురిపించదలిస్తే పశ్చిమం వైపు చూడకండి, తూర్పు వైపు చూడండి. రెండింటినీ కలిపి, వానలు కురిపిస్తూ నిధి కాపలా కాస్తూ నిప్పు కక్కే జీవిని తయారు చేస్తే పాఠకుడికి దేనికి భయపడాలో తెలియదు.

మన నాగుల చవితి ఒక్కసారి గుర్తు చేసుకోండి. పుట్టలో పాలు పోస్తూ పెద్దలు ఏమంటారు? "నడుము తొక్కితే నావాడనుకో, పడగ తొక్కితే పగవాడనుకోకు, తోక తొక్కితే తొలగిపో." ఇది ఒక ఒప్పందం. పొలంలో నడిచే మనిషి కాలు ఎక్కడ పడుతుందో తెలియదు, చీకట్లో పాముకూ తెలియదు. కనుక ముందే మాట్లాడుకుని పెట్టుకున్నారు. మూడు ముక్కల్లో ఒక జీవి కట్టు ఇంత స్పష్టంగా చెప్పిన వాక్యం మరొకటి నాకు కనబడలేదు. ఫాంటసీ రాసేవారికి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది?

ఒక వ్రాతప్రతి సంగతి చెబుతాను. నల్లమల అడవిలో ఎర్ర డ్రాగన్ ఎగురుతూ తిరుగుతుంది. రాసినవారికి చేయి బాగా తిరిగింది, కానీ నలభై పేజీలు చదివినా ఆ జంతువు అక్కడ ఎందుకుందో అర్థం కాలేదు. "ఇది ఒకప్పుడు ఎవరు?" అని ఒక్క ప్రశ్న రాసి పంపాను. నాలుగు నెలలకు కొత్త ప్రతి వచ్చింది. రెక్కలు పోయాయి. కరవు సంవత్సరంలో గాదె తలుపు మూసేసిన ఒక కరణం, ధాన్యం పాతర మీద చుట్టచుట్టుకుని ఉన్న పెనుపాము అయ్యాడు. ఆ పాము తన మనవరాలి గొంతు విని తల ఎత్తే ఘట్టం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఎముకల మాట

ఈ జీవులన్నీ రాకాసి బల్లుల ఎముకలు చూసి పుట్టాయని ఒక వాదం బాగా వ్యాప్తిలో ఉంది. కొంత నిజం. ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫుర్ట్ పట్టణ కూడలిలో ఒక పెద్ద డ్రాగన్ విగ్రహం ఉంది. 16వ శతాబ్దం చివర చెక్కారు. అంతకు చాలాకాలం ముందు అక్కడి గుంటలో దొరికిన ఒక పుర్రెను చూసి దాని తల మలిచారు. ఆ పుర్రె మంచుయుగం నాటి ఉన్ని ఖడ్గమృగానిదని తర్వాత తేలింది. కానీ గమనించండి, డ్రాగన్ కథ అక్కడ ముందే ఉంది. ఎముక దొరికాక కథకు సాక్ష్యమైంది.

గ్రిఫిన్ విషయంలో జాగ్రత్త ఇంకా అవసరం. గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న ఈ జీవి బంగారానికి కాపలా కాస్తుందని, ఒంటికన్ను మనుషులు ఆ బంగారం దొంగిలిస్తారని క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. గోబీ ఎడారిలోని ప్రోటోసెరటాప్స్ అనే రాకాసి బల్లి అస్థిపంజరాలు చూసి ఈ కథ పుట్టిందని ఏడ్రియన్ మేయర్ 2000లో వచ్చిన తన పుస్తకంలో గట్టిగా వాదించారు. ముక్కు గద్ద ముక్కులా ఉంటుంది, నాలుగు కాళ్లుంటాయి, వినడానికి ముచ్చటగా ఉంటుంది. 2024లో మార్క్ విట్టన్, రిచర్డ్ హింగ్ అనే పరిశోధకులు ఆ వాదనను పరిశీలించి ఒప్పుకోలేదు. ఆ శిలాజాలు దొరికే చోటుకూ పాత బంగారు గనులకూ మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉంది. గ్రిఫిన్ బొమ్మలు పశ్చిమాసియాలో హెరొడోటస్‌కు చాలా ముందు నుంచే ఉన్నాయి. నేను రెండో వాదన వైపే మొగ్గుతాను.

బంగారం కాపలా మాట వచ్చింది కాబట్టి నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క చెప్పకుండా ముందుకు వెళ్లలేను. అదే హెరొడోటస్ భారతదేశంలో నక్కకంటే పెద్ద చీమలు ఉన్నాయని, అవి బొరియలు తవ్వేటప్పుడు బంగారు ఇసుక పైకి వస్తుందని, ఎండ మండిపోయే వేళ చీమలు లోపల దాక్కున్నప్పుడు మనుషులు ఒంటెల మీద వచ్చి ఆ ఇసుక ఎత్తుకుని పారిపోతారని రాశాడు. చదివినవారు శతాబ్దాలపాటు నవ్వుకున్నారు. మహాభారతం సభాపర్వం తీయండి. ధర్మరాజు రాజసూయానికి ఉత్తరాది కొండ రాజులు తెచ్చిన కానుకల్లో "పిపీలికం" అన్న బంగారం ఉంటుంది. చీమలు తవ్వి తీసిన బంగారం అని అక్కడే చెప్పి ఉంది, దాన్ని ద్రోణాలతో కొలిచి కుప్పలుగా తెచ్చారు. గ్రీకువాడు ఒక కొసన, వ్యాసుడు ఒక కొసన పట్టుకున్న దారం ఒకటే. ఆ చీమలు హిమాలయాల ఎగువన బొరియలు తవ్వే మార్మట్లు అనే ఉడుతజాతి జంతువులు కావచ్చని, ఆ మట్టిలో బంగారు రజను ఉంటుందని మిషెల్ పెసెల్ అనే యాత్రికుడు 1990లలో దేవసాయి పీఠభూమి చూసి చెప్పారు. మీ గ్రిఫిన్‌ను పక్కన పెట్టి ఈ బంగారు చీమలను తీసుకోమని నా సలహా. ఇంతవరకు తెలుగు ఫాంటసీలో వాటిని నేను చదవలేదు.

యూనికార్న్ మీరనుకున్నంత పరాయిది కాదు

క్రీ.పూ. 400 ప్రాంతంలో పారశీక చక్రవర్తి ఆస్థానంలో క్టీసియస్ అనే గ్రీకు వైద్యుడు ఉండేవాడు. అతడు భారతదేశం చూడలేదు, విన్నది రాశాడు. భారతదేశంలో గుర్రమంత అడవి గాడిదలు ఉన్నాయట. ఒళ్లు తెలుపు, తల ముదురు ఎరుపు, కళ్లు నీలం, నుదుట మూర పొడవు కొమ్ము. ఆ కొమ్ము మొదట తెలుపు, నడుమ నలుపు, కొసన ఎరుపు. దానితో చేసిన గిన్నెలో తాగినవారికి విషం ఎక్కదట, మూర్ఛ రాదట. పశ్చిమ దేశాల యూనికార్న్‌కు మనకు దొరికే తొలి వర్ణన ఇదే. గాడిదా ఖడ్గమృగమూ వినికిడిలో కలిసిపోయి ఉంటాయి.

తర్వాత అలెగ్జాండ్రియా ప్రాంతంలో, క్రీస్తు తర్వాతి తొలి శతాబ్దాల్లో, ఫిజియోలోగస్ అనే చిన్న గ్రంథం వచ్చింది. అందులో యూనికార్న్‌ను ఏ వేటగాడూ పట్టలేడు, ఒక కన్యను అడవిలో కూర్చోబెడితే అదే వచ్చి ఆమె ఒడిలో తల పెట్టుకుంటుంది, అప్పుడు రాజు దగ్గరకు తీసుకుపోతారు అని ఉంది. ఇప్పుడు ఋష్యశృంగుడిని తలుచుకోండి. లేడికి పుట్టినవాడు, నుదుట కొమ్ము ఉన్నవాడు, ఆడమనిషిని ఎన్నడూ చూడనివాడు. అంగరాజ్యంలో వానలు లేవు. అక్కడి రాజు రోమపాదుడు పంపిన వారకాంతలు అడవికి వెళ్లి అతణ్ని మెల్లగా రాజు దగ్గరకు తీసుకొస్తారు, వాన పడుతుంది. బౌద్ధుల కథల్లో అతడి పేరు ఏకశృంగుడు, అంటే ఒంటికొమ్మువాడు. ఈ కథే ప్రయాణించి కన్యా యూనికార్నూ అయిందని కొందరు పండితులు వాదించారు. నేరుగా తేల్చి చెప్పగల ఆధారం లేదు, నేనూ తేల్చి చెప్పను. రెండు కథల కట్టు మాత్రం అచ్చంగా ఒకటే: బలంతో పట్టలేనిదాన్ని నమ్మకంతో పట్టి, ఆ నమ్మకాన్ని మోసం చేయడం.

మీ ప్రశ్నలో యూనికార్న్ "స్వచ్ఛతకు గుర్తు" అని రాశారు. అది పైపూత. లోపల ఉన్నది ద్రోహం. ఆ అమ్మాయి వైపు నుంచి రాయండి. తన ఒడిలో తల పెట్టుకుని నిద్రపోతున్న జంతువు వెచ్చదనం తెలుస్తూ ఉంటుంది, పొద వెనుక వేటగాళ్లు ఉన్నారనీ తెలుసు.

ఇక్కడ ఒక హెచ్చరిక. హరప్పా ముద్రల మీద అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఒంటికొమ్ము జంతువే. కాబట్టి యూనికార్న్ మనదే అని కొందరు ఉత్సాహపడతారు. ఆ లిపిని ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారు. ఆ జంతువు గురించి వాళ్లు ఏ కథ చెప్పుకున్నారో మన దగ్గర ఒక్క ముక్క మిగలలేదు. ఆకారం నిలిచి, కట్టు పోయింది. మీరు కట్టు కల్పించుకోవచ్చు, కానీ అది మీ కల్పన అని మీకు తెలిసి ఉండాలి.

ఐరోపాలో రాజుల భవనాల్లో దాచిన "యూనికార్న్ కొమ్ములు" నిజానికి ఉత్తర ధ్రువ సముద్రాల్లోని నార్వాల్ తిమింగలం దంతాలు. డెన్మార్క్ పండితుడు ఓలె వోర్మ్ 1638లో ఆ మాట బయటపెట్టాడు. అదే శతాబ్దంలో, ఆ తర్వాతే, డెన్మార్క్ రాజు నార్వాల్ దంతాలతో సింహాసనం చేయించుకున్నాడు. కోపెన్‌హాగెన్‌లో ఇప్పటికీ చూడవచ్చు.

ఫీనిక్స్ గురించి రెండు మాటలు చాలు. మంటల్లో కాలి బూడిద నుంచి లేస్తుందన్నది తర్వాత చేరిన ముక్క. హెరొడోటస్ ఈజిప్టులో విన్న కథలో మంట లేదు. 500 ఏళ్లకోసారి ఆ పక్షి చనిపోయిన తండ్రిని సుగంధ బంకతో చేసిన గుడ్డులో పెట్టుకుని సూర్యాలయానికి మోసుకొస్తుంది. తండ్రి రుణం తీర్చుకునే పక్షి అది. కాశీకి అస్థికలు మోసుకుపోయే మనకు ఆ పక్షి వెంటనే అర్థమవుతుంది. మంటను ఇప్పటికే అందరూ వాడేశారు, మీరు ఈ గుడ్డు తీసుకోండి.

మన జీవులకు మారడం వల్ల ఒరిగేదేమిటి

మీ మిత్రుడి మాటలో ప్రేమ ఉంది, దాన్ని తీసిపారేయను. అయితే ఆయన చెప్పిన మూడు జీవుల పరిస్థితి ఒక్కటి కాదు.

యాళిని లేపాక్షిలోనో హంపిలోనో స్తంభాల మీద చూసే ఉంటారు. సింహం ఒళ్లు, కొన్నిచోట్ల ఏనుగు తొండం, కాళ్ల కింద నలిగే మరో జంతువు. శిల్పంగా మహాద్భుతం. దాని గురించి ప్రసిద్ధమైన పురాణ కథ లేదు. అది స్తంభాన్ని అంటిపెట్టుకున్న జీవి. లేపాక్షిలో ఒక సాయంత్రం ఎండ పడమటి నుంచి ఏటవాలుగా పడుతున్నప్పుడు యాళి నోట్లో వేలు పెట్టి చూశాను. పళ్ల వెనుక నాలుక కూడా చెక్కి ఉంది. వెలుతురు పడనిచోట, ఎవరూ చూడనిచోట శిల్పి ఉలి పనిచేసింది. యాళి గురించి కథ రాయాలనుకుంటే నేను ఆ నాలుక దగ్గర మొదలుపెడతాను.

శరభానికి మాత్రం కథ నిండుగా ఉంది. ఎనిమిది కాళ్లు, సింహాన్ని చంపగలది. శాంతిపర్వంలో భీష్ముడు చెప్పిన కథ వినండి. ఒక ముని దగ్గర ఒక కుక్క ఉండేది. చిరుతకు భయపడితే ముని దాన్ని చిరుతను చేశాడు, పులికి భయపడితే పులిని, ఆపైన ఏనుగును, సింహాన్ని, చివరకు శరభాన్ని. శరభమయ్యాక అది మునినే తినబోయింది. మళ్లీ కుక్కవు కమ్మన్నాడు. భయంతో మొదలైనది బలంతో ఎలా చెడుతుందో ఇంతకంటే బాగా చెప్పిన కథ ఏది?

ఆ తర్వాత శరభం మతాల వాదంలోకి వెళ్లింది. హిరణ్యకశిపుణ్ని చంపాక శాంతించని నరసింహుణ్ని అణచడానికి శివుడు శరభ రూపం ఎత్తాడని శైవులు చెప్పారు. తమిళనాడులో, దారాసురంలోని 12వ శతాబ్దపు ఆలయంలో ఆ శిల్పం ఉంది. దానికి జవాబుగా నరసింహుడు గండభేరుండమై శరభాన్ని అణచాడని వైష్ణవులు చెప్పారు. రెండు తలల ఆ పక్షిని కర్ణాటకలోని బళ్లిగావిలో 1047లో స్తంభం మీద నిలిపారు. విజయనగరంలో అచ్యుతదేవరాయలు నాణేల మీద వేయించాడు, ముక్కుల్లోనూ గోళ్లలోనూ ఏనుగులను పట్టుకుని ఎగురుతున్నట్టు. కనుక మీ నవలలో గండభేరుండం ఎగిరిందంటే దాని వెనుక "నీ దేవుడికంటే నా దేవుడు పెద్ద" అన్న పాత తగాదా కూడా ఎగురుతుంది. వాడండి, కానీ తెలిసి వాడండి. కొందరికి ఇవి ఇప్పటికీ పూజామూర్తులు. వాటిని సవారీ జంతువులుగా మార్చే ముందు ఆ ఇంట్లో దీపం పెట్టే మనిషిని తలుచుకోవాలి.

అనువాదంలో జారిపోయే కట్టు

బేతాళుణ్ని ఇంగ్లీషులో వాంపైర్ అన్నారు. 1870లో రిచర్డ్ బర్టన్ విక్రముడి కథలను ఆ మాటతోనే ప్రచురించాడు. ఇప్పుడు మనవాళ్లు తిరిగి ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని బేతాళుడికి రక్తదాహం అంటగడుతున్నారు. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు చెప్పిన బేతాళుడు శవంలో ఉంటాడు, శింశుపా వృక్షానికి తలకిందులుగా వేలాడతాడు, కథలు చెబుతాడు. అతడి కట్టు చూడండి: మాట్లాడితే చెట్టెక్కుతాడు, జవాబు తెలిసీ మాట్లాడకపోతే నీ తల పగులుతుంది. మౌనం ఓర్పుకు పరీక్ష, మాట న్యాయానికి పరీక్ష. రాజు ప్రతిసారీ న్యాయాన్నే ఎంచుకుని మళ్లీ నడుస్తాడు. చివరికి రాజు ప్రాణం కాపాడేది కూడా బేతాళుడే, కపట భిక్షువు కుట్ర అతడే చెబుతాడు. రక్తం తాగించారంటే ఇదంతా పోతుంది.

మరోవైపు, ఒకదానికొకటి సంబంధం లేని చోట్ల కట్టు కలవడం కూడా చూస్తాం. ఐరోపా కథల్లోని దేవతా జనం, అంటే ఫెయిరీలు, ఇనుమును చూస్తే దూరం జరుగుతారు, ఉయ్యాల దగ్గర ఇనుప కత్తెర పెట్టేవారు. మన ఇళ్లలో బాలింత తలగడ కింద కత్తో ఇనుప ముక్కో పెడతారు. చిత్తడి నేలల్లో మినుకుమంటూ మనిషిని దారి తప్పించే దీపం అక్కడ ఉంది, ఇక్కడ కొరివి దయ్యం ఉంది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని వెతకడం మొదలుపెడితే నవల ఆగిపోతుంది. పోలిక మీ ఊహకు ఆధారంగా నిలిస్తే చాలు.

ఒక్క విషయంలో కఠినంగా ఉంటాను. డ్రాగన్‌ను ఇవాళ ఎవరూ నమ్మరు. చేతబడినీ బాణామతినీ నమ్మేవారు ఉన్నారు. ఆ అనుమానంతో మన రెండు రాష్ట్రాల్లోనూ మనుషులను కొట్టారు, చంపారు. ఎక్కువగా ఒంటరి ఆడవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, పేదవాళ్లు. గుప్తనిధుల కోసం పాత గుళ్లు తవ్వుతున్నారు, బలులు ఇస్తున్నారు. పల్నాడు పెద్దావిడ కథలో ఆ తల్లి "వద్దు" అన్నది. అనని కథలు కూడా నేను విన్నాను, వాటిని ఎక్కడా అచ్చు వేయలేదు. మీ నవలలో మంత్రగత్తె ఉందని రాశారు. ఆమె ముసలిది, ఊరికి దూరంగా ఒక్కతే ఉంటుంది, పిల్లలను పీడిస్తుంది. ఆ పాత్రను అలాగే ఉంచవద్దని బతిమాలుతున్నాను. ఊరు ఆమెను అలా అనుకుంది అని రాయండి, ఎందుకు అనుకుందో రాయండి.

ఇక పని ఎలా మొదలుపెట్టాలంటే, నేను చేసేది చెబుతాను. ఒక జీవిని ఎంచుకున్నాక దాని బొమ్మలు చూడను. దాన్ని గురించి దొరికిన అతి పాత కథ చదువుతాను. తర్వాత ఆ జీవికి భయపడ్డ మనుషులు రోజూ ఏ పని చేసుకునేవారో తెలుసుకుంటాను. గొర్రెలు కాసేవాళ్ల భయం వేరు, చేపలు పట్టేవాళ్ల భయం వేరు. ఆపైన కట్టును ఒక్క వాక్యంలో రాసుకుంటాను, నాగుల చవితి మాటలా. ఆ వాక్యం కుదరకపోతే ఆ జీవి నా కథలోకి రావడానికి ఇంకా సిద్ధంగా లేదని వదిలేస్తాను. కుదిరాక ఆకారం దానంతట అదే వస్తుంది. అది మన నేల మీద, మన వెలుతురులో ఎలా కనబడాలో అలాగే వస్తుంది. అప్పుడు దాని పేరు డ్రాగనే కానివ్వండి, ఎవరికీ పరాయిదనిపించదు.

మీరు పంపిన సారాంశంలో డ్రాగన్ కొండ గుహలో బంగారం మీద పడుకుని ఉంది, కథానాయిక దాన్ని చంపడానికి వెళుతోంది. ఆమె వెళ్లే ముందు మీరు ఒక పేజీ రాయండి. ఆ డ్రాగన్ ఒకప్పుడు ఎవరు, ఆ కుప్పలోంచి ఏ ఒక్క వస్తువు పోతే దానికి నిద్ర పట్టదు, అది ఆమెను "ఏమిస్తావు?" అని అడిగితే ఆమె దగ్గర ఏముంది. ఆ పేజీ ఇక్కడ పెట్టండి, తప్పకుండా చదువుతాను.